కంపెనీ అన్న మాటకు పుట్టిల్లు

మంచిర్యాలలో నేను పని చేసుకునే గది కింద ఈమధ్య ఒక బేకరీ తెరిచారు. పొద్దున తొమ్మిదింటికి నేను తాళం తీసే వేళకు వాళ్ల పొయ్యిలోంచి మొదటి వాయి బయటికి వస్తుంది. పులిసిన పిండి వాసన, కాలిన పైపొర వాసన కలిసి మెట్లెక్కి నా కంటే ముందే గదిలోకి వచ్చి కూర్చుంటాయి. ఆ వాసన తగిలినప్పుడల్లా నాకు ఒక ఇంగ్లిష్ మాట గుర్తొస్తుంది. ఆ మాటతో పాటు, దాన్ని నాకు విప్పి చెప్పిన మనిషి గుర్తొస్తారు. ఆవిడ పేరు రజియా. ఊళ్లో అందరూ మేడమ్ అనేవాళ్లు, నేనూ అలాగే పిలిచాను.

మేడమ్ బోథ్‌లో పుట్టారు. ఆదిలాబాద్‌లో ముప్పై ఏళ్లు ఉర్దూ మీడియం బడిలో ఇంగ్లిష్ చెప్పారు. భర్త పోయాక, ఉద్యోగం అయిపోయాక, చెల్లెలి ఇంటికి దగ్గరగా ఉండొచ్చని కరీంనగర్ వచ్చి, కోర్టు వెనక వీధిలో ఒక దర్జీ దుకాణం మీది గదిలో టైపింగు, అనువాదం పని మొదలుపెట్టారు. పొట్టి మనిషి. నేత చీర, తల మీదుగా కొంగు, మెడలో దారానికి వేలాడే కళ్లజోడు. ఆవిడ తెలుగులో ఉర్దూ ఎక్కడ మొదలవుతుందో, మరాఠీ ఎక్కడ ఆగుతుందో కనిపెట్టడం కష్టం. బల్ల మీద ఒక లావుపాటి ఇంగ్లిష్ నిఘంటువు ఉండేది. దాని అట్ట ఊడిపోతే గుడ్డ అతికించి కుట్టించారు. మా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది గల్ఫ్‌లో మనుషులున్న కుటుంబాల వాళ్లు. జనన పత్రాలు, పెళ్లి పత్రాలు, రాయబార కార్యాలయానికి అర్జీలు, అక్కణ్నుంచి వచ్చిన ఉత్తరాలు. వాళ్ల బతుకులు వాళ్లకు రాని భాషల్లో రాసి ఉండేవి. వాటిని వాళ్ల భాషలోకి తేవడం మా పని.

నేను అక్కడ చేరినప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు. డిగ్రీ అయింది, కంప్యూటర్ మీద వేళ్లు వేగంగా కదిలేవి, కానీ ఇంగ్లిష్ అంటే లోపల వణుకు. పరీక్షలన్నీ బట్టీ పట్టి గట్టెక్కిన దాన్ని. ఎదురుగా ఉన్న కాగితంలో ఏ అక్షరం ఉంటే ఆ అక్షరం కొట్టడమే తప్ప, అందులో ఏముందో తెలుసుకోవాలనే ఆలోచన కూడా ఉండేది కాదు. రెండో రోజో మూడో రోజో, గల్ఫ్ నుంచి ఎవరికో వచ్చిన ఉత్తరానికి నకలు కొడుతున్నాను. మేడమ్ నా వెనక నిలబడి, తెర మీద వేలు పెట్టారు.

"గీ మాట మూడు సార్లు కొట్టినవ్. కంపెనీ అంటే ఏంది, చెప్పు."

"మా బాపు పని చేసేది మేడమ్," అన్నాను.

నిజానికి నాకు తెలిసిన అర్థం అదొక్కటే. మాది శ్రీరాంపూర్. బాపు బొగ్గు గనిలో, భూమి లోపల పనిచేసేవాడు. మా ఇల్లు కంపెనీ క్వార్టరు, జ్వరమొస్తే కంపెనీ దవాఖానా, నల్లాలో వచ్చేవి కంపెనీ నీళ్లు. బాపు ఎక్కడికి పోయాడని ఎవరడిగినా "కంపెనీకి పోయిండు" అనేవాళ్లం. ఆ మాటకు ఇంకో అర్థం ఉంటుందని, అది ఇంకెవరి మాటో అయి ఉంటుందని నాకు తోచలేదు. మేడమ్ నవ్వారు, కానీ ఎగతాళిగా కాదు. "ఈ ఉత్తరం రాసినోళ్లకు మీ బాపు ఎవరో తెల్వది గదా బేటీ. తెల్వని మాటతోని పని చేయించుకోవద్దు. మాటకు గూడ పుట్టిల్లు ఉంటది. ఎన్ని ఇండ్లు దాటి మన ఇంటికొచ్చిందో అడగాలె," అన్నారు. అడగడం ఎలాగో నాకు తెలియలేదు. మిగిలిన పేజీ కొట్టేశాను.

ఆ జవాబు వారం తర్వాత, అన్నం తినే వేళ దొరికింది. అప్పటిదాకా నేను ఒక్కదాన్నే కంప్యూటరు వెనక, గోడ వైపు తిరిగి తినేదాన్ని. హాస్టల్ వాళ్లిచ్చే అన్నం, దాని మీద మా అవ్వ, అంటే అమ్మ, పంపిన తొక్కు పచ్చడి. మూత తీసి చూపించుకునే తిండి కాదని సిగ్గు. అది కాక ఇంకో సంకోచం కూడా ఉండేది, ఇప్పుడు దాచడం ఎందుకు. ముసల్మానుల ఇంటి తిండి పక్కన కూర్చుని తినడం నాకు అలవాటు లేదు. తప్పని ఎవరూ చెప్పలేదు, కానీ తప్పు కాదని కూడా ఎవరూ చెప్పలేదు. మేడమ్ ఆ రెండూ కనిపెట్టే ఉంటారు. ఆ రోజు కుర్చీ లాక్కుని వచ్చి నా పక్కనే కూర్చున్నారు. ఆవిడ డబ్బాలో జొన్నరొట్టె, పుంటికూర ఉన్నాయి.

"నువ్వు ఆనాడు చెప్పలే. ఇయ్యాల నేను చెప్తా. గీ కంపెనీ అనే మాట ఇంగ్లిషోళ్ల దగ్గరికి రాకముందు ఫ్రెంచోళ్ల దగ్గరుండె. దాని అవ్వగారి ఊరు లాటిన్. 'కమ్' అంటే కలిసి. 'పానిస్' అంటే రొట్టె. రొట్టె కలిసి తినేటోళ్లు. గంతే, ఇంకేం లేదు." రొట్టెను రెండుగా తుంచారు. "మా బోథ్ దిక్కు మరాఠోళ్లు పావ్ అంటరు చూడు, అది గూడ గా పానిస్ మనుమరాలే. పోర్చుగీసోళ్లు పడవల తెచ్చిండ్రు."

"మరి బొగ్గు బాయి ఎట్లయింది మేడమ్?"

"ఒక్కసారే కాలే. తొలుత కలిసి తినేటోళ్లు. తర్వాత కలిసి పోయేటోళ్లు, కలిసి కొట్లాడే సిపాయిలు. ఎన్కనుంచి కలిసి యాపారం చేసేటోళ్ల జమాత్. ఇగ మెల్లమెల్లగ మనుషులు పోయిండ్రు, బోర్డు మిగిలింది." సగం రొట్టె నా డబ్బా మూత మీద పెట్టారు. "జర నీ తొక్కు ఇటియ్యి. నాకు కారం కావాలె."

ఆ తర్వాత నేను గోడ వైపు తిరిగి తినలేదు. ఒక మాట పుట్టుక తెలిస్తే కడుపులో ఉన్న సంకోచం కరుగుతుందని ఎవరైనా అంటే అంతకు ముందు రోజు నవ్వేదాన్ని. ఆ మధ్యాహ్నం నుంచి నాకు ఇంగ్లిష్ భయం కూడా సడలడం మొదలైంది. ఆ మాటలు ఎక్కడో ఆకాశం నుంచి పడ్డవి కావు, మనలాగే తిని, తిరిగి, ఇళ్లు మారిన మనుషుల నోళ్లలోంచి వచ్చినవే అన్న ధైర్యం కలిగింది. ఖాళీ దొరికితే ఆ కుట్టుడు అట్ట నిఘంటువు తెరిచి కూర్చునేదాన్ని.

ఆ నెల ఇంటికి పోయినప్పుడు బాపుకు ఈ సంగతి చెప్పాను. బాపు అప్పటికి పని మానేశాడు, దగ్గు వల్ల ఎక్కువ మాట్లాడేవాడు కాదు. మంచం మీద కూర్చుని అంతా విన్నాడు. "గదే గదా పొత్తు అంటే," అన్నాడు చివరికి. నాకు అర్థం కాలేదు. "మనూళ్లె పొత్తుల బాయి ఉండె, ఎరుకనా? నాలుగిండ్లోళ్లం కలిసి తవ్విచ్చినం. మా తాత అనేటోడు, పొత్తు అంటే అసలు ఒక్క కంచంల కలిసి తినుడట. బొగ్గు బాయి లోపట గూడ మేం గట్లనే తిన్నం బిడ్డా. తట్టలు, బొగ్గెత్తే చెమ్మాసులు పక్కకు పెట్టి, టోపీ లైటు ఎలుగుల. ఎవని సద్ది ఏందో ఎవడు చూడకపోయేటోడు." బాపు గని లోపలి సంగతి నాతో మాట్లాడడం అదే మొదటిసారి. ఇరవై నాలుగేళ్లు ఒకే ఇంట్లో ఉండి, ఆ చీకట్లో ఆయన అన్నం ఎలా తిన్నాడో నేను అడగలేదు.

సోమవారం మేడమ్‌కు చెప్పాను. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని, తెలుగు నిఘంటువు ఎక్కడుందో వెతికి, అందులో బాపు చెప్పిన అర్థం కనబడేదాకా ఊరుకోలేదు. పొత్తు అంటే కూడి తినడం, ఆ తర్వాతే స్నేహం, భాగస్వామ్యం. పేపర్లలో ఎన్నికల పొత్తు అని రాసేది ఆ అన్నం కంచం నుంచి వచ్చిందే. "చూసినవా! సముద్రం అవతల వాళ్లు ఎట్ల సోచాయించిండ్రో మీ ముత్తాతలు గూడ బరోబర్ గట్లనే సోచాయించిండ్రు," అని పిల్లలా చప్పట్లు కొట్టి, ఆ మాటను తన నోటుపుస్తకంలో రాసుకున్నారు. "ఇయ్యాల నువ్వే నాకు ఉస్తాద్‌వి. మీ బాపుకు నా సలాం చెప్పు." నాకు తెలిసినదాన్ని ఒకరు పుస్తకంలో రాసుకోవడం నా జీవితంలో అదే మొదలు.

రెండేళ్లు అలా గడిచాయి. ఆ తర్వాత వచ్చింది మా తమ్ముడు తిరుపతి వీసా.

తిరుపతి కరెంటు పని నేర్చుకుని, పని దొరక్క తిరుగుతుండేవాడు. ఒక ఏజెంటు గల్ఫ్‌కు "కంపెనీ వీసా" ఉందన్నాడు. మా దిక్కు ఆ మాటకున్న విలువ బయటివాళ్లకు తెలియదు. కంపెనీ వీసా అంటే వేళకు తిండి, ఉండడానికి గది, జబ్బు చేస్తే దవాఖానా, చుట్టూ మనవాళ్లు. మా ఇంట్లో అయితే ఆ మాట విన్నాక ఇంకో ప్రశ్న వేసేవాళ్లే లేరు. బాపును ముప్పై ఏళ్లు సాకింది కంపెనీయే కదా. తిరుపతి పెట్టె కొనుక్కున్నాడు, దోస్తులకు దావత్ ఇచ్చాడు. బయల్దేరడానికి ఆరు రోజులుందనగా ఆ కాగితాలు మేడమ్‌కు చూపించాను. అనుమానంతో కాదు, గర్వంతో.

పైన ఉన్న ఇంగ్లిష్ ఉత్తరంలో కంపెనీ అని పెద్ద అక్షరాలతో ఉంది. మేడమ్ దాన్ని పక్కన పెట్టి, కింద ఉన్న అరబ్బీ వీసా నకలు తీశారు. ఖురాన్ చదివిన కళ్లు, ఉర్దూ పలికిన నోరు. నెమ్మదిగా కూడబలుక్కున్నారు. ఒక గీత దగ్గర వేలు ఆగింది, కదల్లేదు.

"బేటీ, గీ కాయితంల కంపెనీ లేదు."

"పైన ఉంది గదా మేడమ్."

"పైన ఏజెంటు రాసిండు. ఇది సర్కారు రాసింది. పనికి పెట్టుకునేటోని జాగల ఒక్క మనిషి పేరున్నది. పని ఏందంటే 'రాయీ గనమ్'. గొర్రెల కాపరి." కళ్లజోడు తీసి నన్ను చూశారు. "ఎడారిల ఒక్కడే ఉంటడు. మాట్లాడేటందుకు గూడ ఎవ్వరుండరు."

నాకు మేడమ్ మీద ఎంత కోపం వచ్చిందో ఇప్పుడు చెప్పుకోవడానికి కూడా సిగ్గు. "మీకు ప్రతి మాటలో తప్పు ఎతుకుడు అలవాటు మేడమ్. మాకు బతుకుదెరువు కావాలె, మాటల పుట్టిండ్లు కాదు," అన్నాను. కాగితాలు లాక్కుని బస్సెక్కాను. ఇంట్లో చెప్తే తిరుపతి నా కంటే రెచ్చిపోయాడు. "ఆ ముసలామెకేం ఎరుక అక్కా? ఊరంత చెప్పుకున్న. ఇప్పుడు పోకుంటె మొఖం ఎక్కడ పెట్టుకోవాలె?" బాపు ఎటూ తేల్చలేదు. అవ్వ ఏడ్చింది. నేను నమ్మింది ఎవరినో నాకే తెలియలేదు.

మర్నాడు పదకొండింటికి మా క్వార్టరు ముందు ఆటో ఆగింది. మేడమ్ దిగారు. ఆవిడకు మోకాళ్ల నొప్పులు, మా రెండు మెట్లు ఎక్కడానికే గోడ పట్టుకున్నారు. కరీంనగర్ నుంచి రెండు బస్సులు మారి వచ్చారు. నేనన్న మాట ఊసే ఎత్తలేదు. బాపుకు సలాం చెప్పి, కింద చాప మీద కూర్చుని, తిరుపతిని పక్కన కూర్చోబెట్టుకున్నారు.

"పోవద్దని చెప్ప రాలే కొడుకా. పోవుడు, ఆగుడు నీ ఇష్టం. దేని మీద దస్కత్ పెట్టినవో ఎరుక ఉండి పో. నేను ఒక్కొక్క మాట చెప్తా, నువ్వు నీ మాటల మల్ల నాకు చెప్పు."

గంట పట్టింది. మేడమ్ ఒక గీత చదివేవారు, అర్థం చెప్పేవారు, తిరుపతి తన మాటల్లో తిరిగి చెప్పేదాకా రెండో గీతకు పోయేవారు కాదు. మొదట వాడు విసుక్కుంటూ చెప్పాడు. పని గీత దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గింది. "నేను... గొర్లు కాస్త... అని ఉంది," అన్నాడు. ఆ మాట వాడి నోటితోనే వాడు విన్నాడు. ఆదిలాబాద్‌లో మేడమ్ దగ్గర చదివి గల్ఫ్‌లో పనిచేస్తున్న ఒకాయనకు మా ఇంటి నుంచే ఫోన్ చేశాం. ఉత్తరం మీదున్న చిరునామాలో అలాంటి కంపెనీ ఏదీ లేదని ఆయన సాయంత్రానికల్లా చెప్పాడు. తిరుపతి ఏజెంటుకు ఫోన్ చేసి ఒకే ప్రశ్న అడిగాడు: "అన్నా, మా సేఠ్ పేరు ఏంది?" అవతల మాటలు చాలా వచ్చాయి, పేరు మాత్రం రాలేదు. తిరుపతి ఫోన్ పెట్టేసి పెట్టెలోని బట్టలు తీసి దండెం మీద వేశాడు. వెళ్లేటప్పుడు ఆటో దాకా మేడమ్ చేయి పట్టుకుని నడిపించింది వాడే.

ఇక్కడితో ఆపితే ఇది మా ఇంటికి మంచి జరిగిన కథ అవుతుంది. కానీ ఎనిమిది నెలల తర్వాత చెన్నూరు దిక్కు నుంచి స్వరూప అనే అమ్మాయి మా గదికి వచ్చింది. చంకలో పాప. పెనిమిటి మల్లేశ్ గల్ఫ్‌కు పోయి, మూడు నెలలుగా ఫోన్ చేయడం లేదు. పోయేటప్పుడు కంపెనీ వీసా అన్నారు. కాగితం తీసి బల్ల మీద పెట్టింది. అదే ఉత్తరం, అదే ఏజెంటు. అరబ్బీలో ఉన్న యజమాని పేరు కూడా అదే. తిరుపతి వదిలేసిన చోటికి మల్లేశ్ పోయాడు.

మేడమ్ ఆ పేరు మీద వేలు పెట్టి నాకు చూపించారు. స్వరూప నీళ్లు తాగడానికి బయటికి వెళ్లినప్పుడు మెల్లగా అన్నారు: "మనింటి పిల్లగాన్ని ఆపుకున్నం. ఆ జాగల ఎవరు పోతరని అడగలే. నువ్వు అడగలే, నేను గూడ అడగలే." ఆవిడ తప్పు ఒప్పుకోవడం నేను అంతకు ముందు చూశాను, మాటలకు అర్థం పొరబడ్డప్పుడు. ఇది వేరు. ఆ గొంతు వేరు.

ఆ మధ్యాహ్నం నుంచి మేము పెట్టిన అర్జీలకు లెక్క లేదు. మేడమ్ తన ఉర్దూ కలిసిన తెలుగులో చెప్పేవారు, నేను ఇంగ్లిష్‌లోకి తెచ్చేదాన్ని. వణుకు ఎప్పుడు పోయిందో గమనించే తీరిక కూడా లేకపోయింది. మేడమ్ శిష్యుడు అక్కడ తిరిగాడు, కలెక్టరు ఆఫీసులో ఇక్కడ మేం తిరిగాం. ఏడు నెలలకు మల్లేశ్ ఇంటికొచ్చాడు. స్వరూప అతన్ని తీసుకుని మా గదికి వచ్చినప్పుడు అతను కుర్చీలో కూర్చోలేదు, గోడకు ఆనుకుని నిలబడ్డాడు. వచ్చాక నెల రోజులు ఇంట్లో కూడా మాటలు వెతుక్కునేవాడట. మేడమ్ లేచి అతని దగ్గరికి వెళ్లారు. "నన్ను మాఫ్ చెయ్యి బేటా," అన్నారు. అతనికి ఎందుకో అర్థం కాలేదు. నాకు అర్థమైంది.

ఆ వారమే బోర్డు మీద కొత్త వరుస రాయించారు: "ఎవరి కాగితమైనా చదివి చెప్పబడును." ఆదివారాలు అదే పని. ఇల్లు దాటి పోయేవాళ్లు వరుసలో కూర్చునేవాళ్లు. తిరుపతి మరుసటి ఏడు గల్ఫ్‌కే పోయాడు, ప్రతి గీతా తానే తిరిగి చెప్పాక. అక్కడ కరెంటు పని, గదిలో ఆరుగురు, వంట వంతులు. అక్కడికి చేరిన వారానికి మేడమ్‌కు ఫోన్ చేసి, "మేడమ్, గిది నిజంగనే కంపెనీ," అన్నాడు. మేడమ్ ఆ మాట వచ్చినవాళ్లందరికీ చెప్పుకుని మురిసిపోయారు.

ఆరేళ్ల కింద మేడమ్‌కు మోకాలు ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. దవాఖానాలో నర్సు ఒక అంగీకార పత్రం తెచ్చి సంతకం చేయమంది. మేడమ్ కళ్లజోడు అప్పటికే తీసేశారు. పత్రం నా చేతికిచ్చి, "చదువు. నేను వింట," అన్నారు. ఇంగ్లిష్ నా కంటే వందరెట్లు ఎక్కువ ఎరిగిన మనిషి. నేను ఒక గీత చదివి, తెలుగులో చెప్పి, ఆగాను. ఆవిడ తన మాటల్లో తిరిగి చెప్పారు. నర్సు గడియారం చూసుకుంటోంది. మేం తొందరపడలేదు. ఆఖరి గీత అయ్యాక మేడమ్ సంతకం పెట్టి, "ఒక్క మాట గూడ మింగలే నువ్వు," అన్నారు. నాకు వచ్చిన పట్టా అదే. ఆపరేషన్ బాగా జరిగింది. ఇంకో నాలుగేళ్లు బతికారు, చివరిదాకా నడిచారు.

ఇప్పుడు మంచిర్యాలలో నా గదికి కూడా ఆదివారాలు మనుషులు వస్తారు. మొన్న జైనూరు దిక్కు నుంచి ఒక అమ్మాయి వచ్చింది, దూరదేశంలో ముసలివాళ్లను చూసుకునే పనికి. "మంచిగనే ఉందా అక్కా? చెప్పు, దస్కత్ పెడ్త," అంది తొందరగా. నేను మొదటి గీత చదివి, దానికి తెలుగు చెప్పి, ఆమె నోట ఆ మాట వచ్చేదాకా ఆగాను. ఆమె తడబడింది, మళ్లీ మొదలుపెట్టింది. బయట మెట్ల మీద ఇంకా ఏడుగురున్నారు. ఆ ఆగడం నాకు రజియా మేడమ్ ఇచ్చారు. ఎదుటి మనిషి తన మాట తాను వెతుక్కుంటుంటే, నేను అందించకుండా, కదలకుండా కూర్చోగలను. ఆ అమ్మాయి ఆ గీతను మూడోసారి చెప్పి, కాగితం వైపు కాక నా వైపు చూసి, "ఇగ రెండోది చదువు అక్కా," అంది.